కొండ వయస్సు ఎంత?

తిరుపతి రైలు స్టేషనులో దిగిన క్రొత్తవారిని చూచి ఊరివారు మొట్టమొదట అడుగు ప్రశ్న "కొండకా?" అని. ఏ కొండకని వారు చెప్పరు, వినువారును అడుగరు. చిత్తూరు సీమలో కొండలకు కొదువ లేదు. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ ఉన్నది. చౌడేపల్లె దగ్గర బోయకొండ ఉన్నది. చంద్రగిరి కోట వెనుక గోడవలె నిలిచిన కొండ ఉన్నది. నగరి దగ్గర ముక్కువలె పొడుచుకొని వచ్చిన శిఖరము చాల దూరమునకు కనిపించును. అయినను పేరు చెప్పక ఉత్త "కొండ" అన్నచో అది తిరుమలయే. "కొండ మీద వాన", "కొండ క్రింద బస" అని ఆ ఊరివారు చెప్పుకొనునప్పుడు ఒక జాతివాచకము మన కన్నుల యెదుటనే సంజ్ఞావాచకముగా మారుచున్నది.

ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు తరగతిలో "ఈ కొండ వయస్సు ఎంత?" అని అడిగినాడనుకొందము. ఒక విద్యార్థి 2,000 ఏండ్లనును. రెండవవాడు 1,000 ఏండ్లనును. మూడవవాడు 160 కోట్ల ఏండ్లనును. నాలుగవవాడు లేచి, కొండలకు వయస్సేమిటి, అవి ఎప్పుడును ఉన్నవే గదా అనును. వీరిలో ఎవరికి మార్కులు వేయవలెను? నలుగురి మాటలోను కొంత నిజమున్నది. వారు చెప్పిన జవాబులు వేరగుటకు కారణము వారి తెలివిలోని తేడా కాదు. "కొండ" అను ఒక్క మాటను నలుగురు నాలుగు అర్థములలో తీసికొనిరి. ఆ అర్థములను వేరుచేసి, ఒక్కొక్కదాని చరిత్రను పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మాటల కుటుంబము

కొండ అచ్చతెనుగు మాట. తమిళమునందలి "కున్ఱు", మలయాళమునందలి "కున్ను" దీనికి తోబుట్టువులు. కొండను చెప్పుటకు తెలుగులో మరియొక పాత మాట "మల". ఇది ఇప్పుడు విడిగా వినబడదు గాని నల్లమల, ఎఱ్ఱమల, తిరుమల అను పేర్లలో బ్రదికియున్నది. తమిళులు దీనినే "మలై" అందురు. మలయ మారుతములోని "మలయ" కూడ ఈ ద్రావిడ పదము నుండియే సంస్కృతమునకు పోయినదని భాషా శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

సంస్కృతము నుండి మనకు వచ్చిన మాటలు మరికొన్ని. అమరకోశము శైలవర్గమున పర్వతమునకు 13 పేర్లు చెప్పినది. వానిలో ఒక్కొక్క పేరు కొండను ఒక్కొక్క కంటితో చూచినది. పర్వతమనగా చెరకువలె కణుపులు గలది. శిలోచ్చయమనగా రాళ్ళ ప్రోగు. శిఖరి యనగా కొన గలది. అచలమనగా కదలనిది. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దానితో మనకు ముందు పని యున్నది.

పల్లెలలోని మాటలు ఇంతకంటెను సూక్ష్మమైనవి. చిన్న కొండ గుట్ట. నేల కొంచెము ఎత్తుగా నున్నచో మిట్ట. మట్టి పెరుకని ఒంటి రాతి పరపు బండ. రెండు కొండల నడుమ నీరు పారు లోయ కోన. కొండను దాటిపోవు సందు కనుమ. తలకోన జలపాతమును, భాకరాపేట కనుమను చూచినవారికి ఈ మాటలు ఎంత సరిగా అమరినవో తెలియును. గొఱ్ఱెల కాపరియు, బండి తోలువాడును కలిసి తయారుచేసిన భూగోళ శాస్త్రమిది. నేల ఎట్లున్నదో కన్నులార చూచి పేరు పెట్టుట విజ్ఞానమునకు మొదటి మెట్టు.

ఎత్తు, భయము, భక్తి

ఇక వాడుకలో ఈ మాట ఎన్ని వేషములు వేసినదో చూడుడు. కొండచిలువలోని కొండ అడవిని, భారీతనమును చెప్పును. కొండముచ్చులోని కొండ నివాసమును చెప్పును. కొండనాలుక గొంతులో పైనుండి వ్రేలాడు చిన్న కండ. అచ్చట కొండ అనగా ఉన్నతమైన చోటు. ఆపదలో అండగా నిలిచినవాడు కొండంత అండ. దూరపు కొండలు నునుపన్నప్పుడు కొండ మన కంటి మోసమునకు సాక్షి.

అన్నిటికంటె చిత్రమైన ప్రయోగము "కొండెక్కుట". ఇంటిలో దీపము ఆరిపోయినదని చెప్పుట అశుభమని భావించి పెద్దలు "దీపము కొండెక్కినది" అందురు. చీకటి పడినదని చెప్పుటకు బదులు, వెలుగు మనకు అందని ఎత్తునకు పోయినదని చెప్పుట వారి పద్ధతి. అదే మాటను అంగడిలో వాడినచో అర్థము తిరుగబడును. పప్పు ధర కొండెక్కినదన్నచో ఎవరును భక్తితో చేతులు జోడింపరు! రెండు చోట్లను ఉన్నది ఒకటే భావము: చేతికి అందనిది. అందనిదానిని చూచి మనిషి ఒకప్పుడు మ్రొక్కును, ఒకప్పుడు నిట్టూర్చును.

తిరుమలకు నడచి పోవు అలిపిరి త్రోవలో ఈ భావము కాళ్ళకే తెలియును. ఆ మెట్లు సుమారు 3,550. చివరి దాపున నిట్టనిలువుగా నున్న భాగమునకు మోకాళ్ళ పర్వతమని పేరు. కొందరు యాత్రికులు మ్రొక్కుబడిగా ఆ మెట్లను మోకాళ్ళపై ఎక్కుదురు. 1944లో ఘాట్ రోడ్డు తెరచువరకు కొండకు మోటారు బండి దారి లేదు. తిరుపతి పట్టణము కంటె తిరుమల సుమారు 700 మీటర్లు ఎత్తుననున్నది. నేడు బస్సులో అరగంట కొంచెము మించి పట్టు ఆ ఎత్తు, ఆ కాలమున ఒక పూట ప్రయాణము. మోకాళ్ళు నొచ్చినవారికి "కొండ" అను మాట బరువు వేరుగా నుండును.

ఎల్లగా నిలిచిన కొండ

2,000 ఏండ్లన్న విద్యార్థి ఏ కొండను గూర్చి చెప్పినాడు? అతడు చెప్పినది కొండ పేరు వయస్సు. ప్రాచీన తమిళ సంగ సాహిత్యములో ఈ కొండకు "వేంగడము" అని పేరు. తొల్కాప్పియమను వ్యాకరణమునకు పనంబారనారు వ్రాసిన పీఠిక, తమిళము మాటాడు లోకమునకు ఉత్తరమున వేంగడము, దక్షిణమున కుమరి ఎల్లలని చెప్పినది. మామూలనారు అను కవి వేంగడమునకు ఆవల భాష మారు దేశమున్నదని చెప్పినాడు. ఆనాటి కవులకు ఈ కొండ దాటరాని అడవులును, పుల్లి యను నాయకుడును గల సరిహద్దు. ప్రియుడు కొండ దాటిపోయెనన్నచో మాట తెలియని దేశమునకు పోయెనని అర్థము.

భాష మారు దేశమను మాటకు మన వైపు నుండియు సాక్ష్యమున్నది. శేషాచలమునకు ఆవల కడప జిల్లాలోని కలమళ్ళలో రేనాటి చోడుడు ధనంజయుడు వేయించిన తెలుగు శాసనము సుమారు క్రీ.శ. 575 నాటిది. సంగ కవులు మారినదని చెప్పిన భాష కొన్ని శతాబ్దుల తరువాత రాతిమీద తన నోటితో తానే మాటాడినది.

వేంగడము, వేంకటము అను రెండు రూపములు ఎందుకున్నవి? తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరము. ట, డ లకును ఒకే అక్షరము. కాబట్టి తమిళులు "వేంగడము" అని పలుకు మాటను అక్షరమునకు అక్షరముగా తెలుగు లిపిలోనికి ఎత్తి వ్రాసినచో "వేంకటము" అగును. ఒకే వ్రాతకు రెండు పలుకుబడులన్నమాట. పురాణములు మాత్రము "వేం" అనగా పాపములు, "కట" అనగా దహించుట అని విడదీసి అర్థము చెప్పినవి. మొదటిది మాట ఎట్లు ప్రయాణము చేసినదో చూపును. రెండవది భక్తులు ఆ మాటలో ఏమి విన్నారో చూపును. రెండును చరిత్రకు పనికివచ్చు సాక్ష్యములే. అయితే ఒకదాని పనిని మరియొకదానికి అప్పగింపరాదు.

దేవుడైన కొండ

1,000 ఏండ్లన్న విద్యార్థి శాసనములను తలచుకొన్నాడు. తిరుమల ఆలయమునకు పల్లవ రాణి సామవై వెండి విగ్రహము సమర్పించిన శాసనము క్రీ.శ. 966 నాటిదని సాధారణముగా చెప్పుదురు. ఆ విగ్రహమే నేటికిని నిత్య సేవలందుకొను భోగ శ్రీనివాసమూర్తి. తిరుమల, తిరుపతులలో వేయికి పైగా శాసనములు లభించినవి. 20వ శతాబ్దిలో సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి వానిని పరిశీలించి దేవస్థానము తరపున ప్రకటించిరి. వానిలో ఎక్కువ భాగము తమిళము. తెలుగు, కన్నడ, సంస్కృత శాసనములును కలవు. ఒక్క గోడమీద ఇన్ని భాషలు సామరస్యముగా నిలిచియున్నవి.

క్రమముగా కొండ పేరు దేవుని పేరయినది. వేంకటమను కొండకు ఈశ్వరుడు వేంకటేశ్వరుడు. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408-1503) వేల సంకీర్తనలలో ఆ పేరు ముద్రగా నిలిపిరి. ఆ పాటలు రాగిరేకులకెక్కి ఆలయమునందలి సంకీర్తన భాండారములో దాగియుండెను. ఏడు కొండలకు శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి అని పేర్లు ఏర్పడినవి. చంద్రగిరితో సంబంధముగల ఆరవీటి రాజు వేంకటపతి దేవరాయలు (1585-1614) తన బంగారు నాణెములపై వేంకటేశ్వరుని రూపమును ముద్రించెను. కొండ రాజునకు పేరై, నాణెమునకు ముద్రయై అంగడికి దిగివచ్చినది.

అచ్చటినుండి ఇంటికి వచ్చినది. ఉపాధ్యాయులు తమ తరగతి హాజరుపట్టీని ఒకసారి తిరుగవేయుడు. వెంకటయ్య, వెంకటమ్మ, తిరుమలరావు, తిరుపతయ్య, శేషాచలము, ఏడుకొండలు, కొండయ్య, కొండమ్మ: వీరిలో ఎవరో ఒకరైనను లేని తరగతి తెలుగు దేశమున అరుదు. ఎక్కడనో నిలిచియున్న రాయి మన బడిలో "ఉన్నానండీ" అని పలుకుచున్నది.

ఒక అర్థముతో మరియొక అర్థమును కొలిచినచో

ఇంతవరకు చెప్పినది వినోదముగా తోచవచ్చును. కాని మాట యొక్క అర్థములు కలగాపులగమైనచో ఎంత చిక్కు కలుగునో ఈ సీమవారికి అనుభవము కలదు. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలతో చిత్తూరు జిల్లా ఏర్పడినది. అందులో తెలుగువారును తమిళులును కలిసి నివసించుచుండిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించినప్పుడు ఈ జిల్లా ఎవరిదను వివాదము తీవ్రమయ్యెను. ఎం.పి. శివజ్ఞానము మున్నగు తమిళ నాయకులు వేంగడమే తమ ఉత్తరపు ఎల్లయని ఉద్యమము నడిపిరి. ఇటు ఆంధ్ర నాయకులు మద్రాసు నగరము తమదని వాదించియుండిరి. ప్రాచీన కావ్యములు, శాసనములు, ఆలయములు అన్నియు సాక్ష్యమునకు పిలువబడెను.

ఇచ్చట ఒక సూక్ష్మమును విద్యార్థులు గమనింపవలెను. సంగ కవి చెప్పిన ఎల్ల నిజమైనదే. కాని అది గీత కాదు. కొండయు, అడవియు కలిసిన ఒక విశాలమైన అంచు. దాని ఇరువైపుల భాషలు ఒకదానిలో ఒకటి కలిసిపోవుచుండెను. రాష్ట్రమునకు కావలసిన ఎల్ల వేరు. అది ఈ గ్రామము ఇటు, ఆ గ్రామము అటు అని పటముమీద గీయదగిన గీత. కవి మాటలోని కొండను సర్వేయరు గొలుసుతో కొలుచుట సాధ్యమా? పద్యము అబద్ధము కాదు. దానిని అడిగిన ప్రశ్న తప్పు.

వివాద పరిష్కారమునకు నియుక్తుడైన హెచ్.వి. పటాస్కరు గ్రామమును ప్రమాణముగా తీసికొని, అచ్చటి ప్రజల భాషను, గ్రామముల ఆనుకొనియుండుటను లెక్కలోనికి తీసికొనెను. ఆ సూత్రము ప్రకారము 1959లో పార్లమెంటు చేసిన చట్టము 1960 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగము మద్రాసు రాష్ట్రమునకు పోయెను. సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. తిరుపతి ఇచ్చటనే నిలిచెను. ప్రతి గ్రామమును తృప్తి పడినదని చెప్పజాలము. తిరుత్తణి ప్రాంతమున తెలుగు కుటుంబములును, చిత్తూరు ప్రాంతమున తమిళ కుటుంబములును నేటికిని కలవు. గీత ఎక్కడ గీసినను నాలుకలు కలిసిన చోట ఎవరో ఒకరు అవతల మిగులుదురు. కొండ మాత్రము రెండు భాషలలోను పిలిచినవారికి పలుకుచునే యున్నది.

రాయి చెప్పిన జవాబు

ఇక 160 కోట్ల ఏండ్లన్న విద్యార్థి. అతడు ఘాట్ రోడ్డు అంచున కొండ కోతను చూచినవాడు. ఆ కోతలో క్రింద ఒక రకపు రాయి, పైన వేరొక రకపు రాయి, వాని నడుమ స్పష్టమైన గీత కనిపించును. క్రిందిది గ్రానైటు, దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. పైది నగరి క్వార్ట్‌జైటు. దాని వయస్సు సుమారు 160 కోట్ల సంవత్సరములు. భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలలను గూర్చిన తన గ్రంథమును 1872లో ప్రకటించి, ఈ పొరకు నగరి పేరు పెట్టెను.

క్వార్ట్‌జైటు అనగా గట్టిపడిన ఇసుక. గ్రానైటు నేల ఎండకు, వానకు అరిగి చదునై, దానిపై లోతు తక్కువైన సముద్రము వ్యాపించి, అలలు తెచ్చిన ఇసుక పొరలుపొరలుగా పేరుకొని రాయి అయినది. ఆనాటి నీటి అలల గుర్తులు కొన్ని రాళ్ళమీద నేటికిని ఉన్నవి. రెండు రాళ్ళ నడుమనున్న గీతలో కోట్లకొలది సంవత్సరముల కాలము కనబడకుండ పోయినది. అనేక అధ్యాయములు చినిగిపోయిన పుస్తకమువంటిదది. ఇట్టి తెగుదలను భూగర్భ శాస్త్రజ్ఞులు అన్‌కన్ఫర్మిటీ అందురు. తిరుమల కొండదానిని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అని, జాతీయ భూగర్భ స్మారకముగా గుర్తించిరి. కొండపైనున్న శిలాతోరణము కూడ ఈ క్వార్ట్‌జైటే. గాలియు నీరును తొలిచిన సహజ ద్వారమది.

స్కాట్లండులో సిక్కర్ పాయింటు అను చోట జేమ్స్ హట్టన్ 1788లో ఇట్టి తెగుదలనే తన మిత్రులకు చూపెను. వారిలో ఒకడైన ప్లేఫెయిర్, అంత వెనుకటి కాలములోనికి తొంగిచూచుటచే తనకు తల తిరిగినట్లయినదని తరువాత వ్రాసెను. మోకాళ్ళ పర్వతమెక్కి క్రిందికి చూచినవానికి కలుగునదియు అట్టిదే. ఒకనికి ఎత్తు, ఒకనికి కాలపు లోతు. గౌరవముతో కూడిన భయము రెండింటిలోను సమానము.

అయితే రాయి జవాబును కూడ జాగ్రత్తగా వినవలెను. 160 కోట్ల ఏండ్లు రాతి వయస్సు. కొండ ఆకారము వయస్సు కాదు. ఇసుక రాయిగా మారుట ఒక సంఘటన. ఆ రాయి పైకి లేచుట మరియొకటి. చుట్టునున్న మెత్తని భాగములు అరిగిపోగా గట్టి క్వార్ట్‌జైటు గోడవలె నిలుచుట వేరొకటి. మనము నేడు చూచు కొండ దాని రాతికంటె ఎంతో చిన్నది. ఇంటి వయస్సును ఇటుకల మట్టి వయస్సుతో చెప్పము గదా!

ఇప్పుడు నాలుగవ విద్యార్థికి, అచలమను మాటకు రావలెను. సముద్రపు టడుగున ఇసుకగా నుండినది కొండయైనచో అది ఎట్టి అచలము? అంతేకాక భారత భూఫలకము తన కొండలన్నింటితో సంవత్సరమునకు సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యమునకు జరుగుచున్నది. మన గోళ్ళు పెరుగు వేగము కంటె ఇది ఏమంత ఎక్కువ కాదు. నూరేండ్ల జీవితములో మనిషి దానిని గమనింపలేడు. కాబట్టి అచలమని పేరు పెట్టిన పెద్దలు తమ కంటికి కనబడినంతవరకు సత్యమే చెప్పిరి. వారి కొలబద్ద మనిషి ఆయువు. భూగర్భ శాస్త్రజ్ఞుని కొలబద్ద కోట్ల ఏండ్లు.

నాలుగు జవాబులకు మార్కులు

ఇప్పుడు ఉపాధ్యాయుడు మార్కులు వేయవచ్చును. పేరునకు 2,000 ఏండ్లు. ఆలయపు వ్రాతకు 1,000 ఏండ్లు. రాతికి 160 కోట్ల ఏండ్లు. ఎప్పుడును ఉన్నదను భావము మనిషి కన్నులకును భక్తికిని సంబంధించినది. దీనికి 1960 నాటి రాష్ట్రపు ఎల్లను చేర్చినచో ఐదవ జవాబగును. వీనిలో ఏ ఒక్కటియు మరియొకదానిని కొట్టివేయదు. రాయి వయస్సు చెప్పి భక్తుని నవ్వుట ఎంత అవివేకమో, పురాణము చెప్పి రాతిని కాదనుట అంతే అవివేకము.

ఒక్క హెచ్చరిక మాత్రము అవసరము. ఏనుగు మల్లమ్మ కొండపై 1870 ప్రాంతమున కడప కలెక్టరు హార్స్‌లీ బంగళా కట్టుకొనెను. నాటినుండి అది హార్స్‌లీ హిల్స్ అయినది. ఏనుగులు పెంచిన మల్లమ్మ అను బాలిక కథ ఆ పాత పేరులో నున్నది. పేరు మరుగైనచో కథయు మరుగగును. మీ ఊరి గుట్టకు, బండకు, కోనకు ఏమి పేరున్నదో పెద్దలనడిగి విద్యార్థులు వ్రాసిపెట్టవలెను. ఆ పేరు ఎట్లు వచ్చినదని ముసలివారు చెప్పు కథను ఒక ప్రక్కను, ఆ రాయి ఎట్టిదో మరియొక ప్రక్కను వ్రాయవలెను. రెండును ఒకే పుటలో నుండవచ్చును. ఒకే గడిలో మాత్రము ఉండరాదు.

తిరుపతిలో "కొండకా?" అని అడిగినప్పుడు ఏ కొండయని యాత్రికుడు తిరిగి అడుగనక్కరలేదు. కొండ వయస్సు ఎంతయని బడిలో అడిగినప్పుడు మాత్రము విద్యార్థి మొదట ఆ ప్రశ్ననే వేయవలెను: ఏ కొండ?